మోచేతి ఓక్

మా టెక్సస్ కొండల్లో మగవాడి జేబులో పర్సు లేకపోయినా ఫరవాలేదు గానీ, బండిలో రంగు చిమ్మే డబ్బా లేకపోతే పిల్లనివ్వరు. కాస్త పెంచే చెబుతున్నాననుకోండి. అయినా మా ఆయన హిల్మార్ మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మా నాన్న అడిగిన రెండు ప్రశ్నల్లో అదొకటి. రెండోది మేకల గురించి.

మాకు నీడ అంటే ఓక్ చెట్లే. సున్నపురాయి మీద చారెడు మట్టి ఉంటుంది, అందులో ఇంకేదీ పెద్దగా బతకదు. ఆ ఓక్‌కి ఎండు తెగులు పట్టుకుందంటే తాతల నాటి చెట్టు కూడా ఒక్క వేసవిలో పొయ్యిలోకి కట్టెలైపోతుంది. అందుకని ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఎవరూ ఓక్ మీద రంపం పెట్టరు. గాలివానకి కొమ్మ విరిగినా, ట్రాక్టరు తగిలి బెరడు లేచినా, పరిగెత్తుకెళ్ళి ఆ గాయం మీద రంగు కొడతారు. పచ్చి గాయం వాసనకి చిన్న చిన్న పెంకుపురుగులు వచ్చి వాలతాయి, వాటి ఒంటికి ఆ తెగులు బూజు అంటుకుని ఉంటుంది. అది లోపలికి దిగితే చెట్టు నీళ్ళు తాగే దారులన్నీ మూసుకుపోతాయి.

మా ఆయన హిల్మార్ పనల్లా కరెంటు తీగల మీదికి వచ్చే కొమ్మలు కొట్టడమే. రిటైరయ్యేదాకా అదే చేశాడు. ఆయన దగ్గర పనికి చేరిన ప్రతివాడూ మొదటిరోజు వినే మాట ఒకటే, తెరిచి వదిలేయకు అని. ఇంకేం చెప్పేవాడు కాదు. మనిషి మాటల పిసినారి.

మా పెళ్ళయిన కొత్తలో వడగళ్ళు పడి పెరట్లో ఓక్ కొమ్మ ఒకటి చీలింది. ఇంట్లో ఆయన రంగు డబ్బా ఖాళీ. నేను వంటింటి అలమారకని ముచ్చటపడి తెచ్చుకున్న పసుపు రంగు అటక మీద ఉంది. అది కాస్తా తీసుకెళ్ళి చెట్టుకి పూశాడు. నా అలమార సగం పసుపు, సగం చెక్కరంగు. ఆ వారమంతా నేను ఆయనతో మాట్లాడలేదు, ఆయన ఆ సంగతి గమనించినట్టు కూడా లేదు. ఆ తర్వాత నుంచి ఎందుకో గానీ పసుపు రంగే కొనడం మొదలుపెట్టాడు. ఈ దారి పొడుగునా చెట్ల మీద పసుపు మచ్చలు కనిపిస్తే అవి మా ఆయన చేతివే.

ఆ పెరటి చెట్టు పేరు మోచేతి ఓక్. దాని పెద్ద కొమ్మ ఒకటి కిందికి వంగి, నేల మీద ఆని, మళ్ళీ పైకి లేస్తుంది. బల్ల మీద మోచెయ్యి ఆనించి కబుర్లు వింటున్న మనిషిలా ఉంటుంది. హిల్మార్ నాయనమ్మ పెట్టిన పేరట. ఆ వంపు పక్కనే ఒక బల్ల వేసి ఉంది. పొద్దున్న కాఫీ, సాయంత్రం బూట్లు విప్పుకోవడం, చుట్టాలొస్తే డామినో ఆట, అన్నీ అక్కడే.

కొన్నేళ్ళుగా మా ఆయన నన్ను వదిలి కొంచెం కొంచెంగా ఎటో వెళ్ళిపోతున్నాడు. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత నెలలు, వారాలు. చెల్లెలు చనిపోయిందని మరిచిపోయి, ఫోను చెయ్యమని నన్ను అడుగుతాడు. నేను మొదట్లో నిజం చెప్పేదాన్ని. ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేవాడు. ఇప్పుడు సాయంత్రం చేద్దాంలే అంటాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. ఈ జబ్బు దేవుడు నాకు కాకుండా ఆయనకి ఇవ్వడం ఒక పొరపాటైతే, ఆయన్ని నా చేతుల్లో పెట్టడం రెండో పొరపాటు.

రెండేళ్ళ కిందట ఒకసారి వాగు దాటి, పెద్ద రోడ్డు దాకా నడిచి వెళ్ళిపోయాడు. షెరీఫ్ మనిషి బండి ఆపి ఇల్లెక్కడని అడిగాడు. ఊరి పేరు రాలేదు, నా పేరు రాలేదు. నేలకి మోచెయ్యి ఆనించిన చెట్టున్న ఇల్లు అని చెప్పాడట. ఆ కుర్రాడు ఈ చుట్టుపక్కల పుట్టినవాడే కాబట్టి తిన్నగా మా గేటు ముందు దించాడు. బండి దిగిన మా ఆయన నా మొహం వైపు చూడలేదు. చెట్టు వైపు చూసి, హమ్మయ్య అని బల్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఆ చెట్టు నాకు సవతే. సవతి అయినా దానికి దణ్ణం పెట్టుకున్నాను.

పట్నంలో ఇలాంటివాళ్ళని చూసుకునే ఇల్లొకటుంది. మంచి ఇల్లే, పేరు పెట్టడానికి లేదు. డాక్టరమ్మ అక్కడ చేర్పించమని రెండు మూడుసార్లు మెల్లగా చెప్పింది. నేనొక మాట అనుకున్నాను. తనంతట తను ఇంటికి తిరిగి రాగలిగినన్నాళ్ళూ ఆయన ఇంట్లోనే ఉంటాడు. రాలేని రోజు వస్తే అప్పుడు చూద్దాం. ఆయన వాగు దాకా నడవకుండా ఉండలేడు, నేను ఎప్పుడూ వెనకాల తిరగలేను. ఆయన ఇల్లు గుర్తుపట్టేది ఆ చెట్టుతోనే. కాబట్టి నా కాపురం మొత్తం ఆ మోచేతి మీద ఆని ఉంది.

కిందటేడు ఏప్రిల్‌లో కంచె అవతల యూసేబియో వాళ్ళ ఓక్ చెట్లు ఎండటం మొదలుపెట్టాయి.

యూసేబియో రంగెల్ మా పొరుగువాడు. మేకలు ఆయనవీ మావీ కలిసే మేస్తాయి. ఒకరోజు పొద్దున్నే గుప్పెడు ఆకులు తెచ్చి నా వంటింటి బల్ల మీద పరిచాడు. ఆకు పచ్చగానే ఉంది, ఈనెలు మాత్రం కాలిన దారాల్లా గోధుమరంగుకి తిరిగాయి. ఈ కొండల్లో ఆ ఆకు ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. తర్వాత కాఫీ పోశాను, టోపీ ఒళ్ళో పెట్టుకుని తాగాడు.

పురుగుతోనే అయితే కాచుకోవచ్చు. కానీ మా ఓక్‌ల వేళ్ళు మట్టి కింద ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. కంచె మనుషులకే గానీ వేళ్ళకి కాదు. ఒక చెట్టుకి పట్టిన తెగులు వేళ్ళలోంచి పక్క చెట్టుకి, అక్కడి నుంచి ఆ పక్క చెట్టుకి నడిచొస్తుంది.

ట్రూడీకి ఫోను చేశాను. ట్రూడీ మా ఆడపడుచు కూతురు. చిన్నప్పుడు సెలవుల్లో వాళ్ళ మావయ్య వెంట నిచ్చెన పట్టుకుని తిరిగిన పిల్ల. ఇప్పుడు చెట్లకి మందు ఎక్కించడమే దాని పని, చుట్టూ మూడు జిల్లాలు తిరుగుతుంది. వచ్చి మా చెట్టు చుట్టూ తిరిగి, ఆకులు కోసి, ఎండకి ఎత్తిపట్టి చూసింది. ఇంకా మచ్చ పడలేదంది. వేళ్ళలో ఏం జరుగుతోందో మాత్రం పైకి తెలియదంది. ఆకు మీద మచ్చ కనిపించాక మందు పెడితే దక్కడం కష్టం, పెట్టేదేదో ఇప్పుడే పెట్టాలంది. పెట్టినా పూచీ ఏమీ లేదని కూడా చెప్పేసింది. దాని నోట తీపి మాటలు రావు, మా వంశమే అంత.

ముందు తెగులు నడిచే దారి తెగ్గొట్టాలి. ఎండిన చెట్లకి బాగా ఇవతలగా, మనిషి ఛాతీ లోతున కందకం తవ్వి వేళ్ళు కోసెయ్యాలి. ఆ గీత ఎక్కడ గీస్తే అక్కడికి అవతలున్న చెట్లన్నీ, బాగున్నవైనా సరే, వదిలేసుకున్నట్టే. గీత కంచెకి ఇవతల పడితే మా చెట్టు అవతలికి పోతుంది. యూసేబియో ట్రూడీ చేతిలోంచి గుర్తు జెండాలు తీసుకుని, తన పొలంలోనే కంచె పక్కగా పాతుకుంటూ వెళ్ళాడు, ఎండిన చెట్లకి గీత ఎంత ఎడంగా ఉంటే మా చెట్టుకి అంత భద్రమని. ఆ జెండాలకి అవతల ఆయనవి పచ్చగా ఉన్న పెద్ద చెట్లు రెండు మూడు మిగిలిపోయాయి. అదేంటయ్యా అని నేను అడిగితే, అవి ఎలాగూ వయసైపోయినవే అన్నాడు. అబద్ధం. అందులో ఒకటి వాళ్ళమ్మాయి పెళ్ళికి దీపాలు కట్టిన చెట్టు.

కందకం తవ్వడం అయ్యాక మందు రోజు వచ్చింది. మంచి ఎండ, గాలి. అలాంటి రోజున ఆకులు బాగా లాగుతాయి, చెట్టు గబగబా తాగుతుందట.

మొదట చెట్టు మొదలు చుట్టూ మట్టి తియ్యాలి. కాండం కిందికి వచ్చి వేళ్ళుగా విచ్చుకునే చోటు, గౌను అంచులా పరుచుకుంటుంది కదా, అది బయటపడేదాకా తియ్యాలి. ట్రూడీ చిన్న పారలు తెచ్చింది. మా ఆయన ఒకటి అందుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇక చూడాలి ఆయన్ని. చొక్కా గుండీ ఏ కాజాలోకి పోవాలో తెలియని మనిషి, ఎక్కడా బెరడు గీరకుండా, చిన్న వేరు కూడా తెగకుండా, ఊదుకుంటూ, వేళ్ళతో మట్టి తోసుకుంటూ ఆ చెట్టు పాదాలు బయటికి తీశాడు. మధ్యలో పాటేదో సన్నగా పాడాడు కూడా. నాకు ఆ పొద్దున్న ఆయన పూర్తిగా తిరిగొచ్చేసినట్టు అనిపించింది. అలా అనిపించే రోజులే నన్ను ఎక్కువ ఏడిపిస్తాయి.

తర్వాత ట్రూడీ డ్రిల్లు తీసింది. ఆ విచ్చుకున్న వేళ్ళ మీద చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు చేసి, ఒక్కోదాంట్లో ప్లాస్టిక్ ముక్కు బిగించి, అన్నిటినీ సన్నటి గొట్టంతో కలిపింది. గొట్టం చివర మందు నీళ్ళ ట్యాంకు, దానికి చేత్తో కొట్టే పంపు. డ్రిల్లు చప్పుడుకి మా ఆయన లేచి నిలబడ్డాడు. ఏం చేస్తున్నారని అడిగాడు. బూజుని చంపే మందు, చెట్టుకి ఎక్కిస్తున్నాం అని చెప్పాను. తల ఊపాడు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. గొట్టాలు తగిలించిన చెట్టు నిజంగానే ఆసుపత్రిలో పడుకోబెట్టినట్టుంది. ఆయన బెరడు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి ట్యాంకులో మందు బాగానే దిగింది. ఇంకా సగం పైన ఉంది. భోజనానికి లెమ్మంటే ఆయన కదల్లేదు. పొగబెట్టిన సాసేజీ, బంగాళాదుంపలు పళ్ళెంలో వేసి బల్ల మీదే పెట్టాను. చెట్టుని చూసుకో మావయ్యా అని చెప్పి ట్రూడీ నాతో లోపలికి వచ్చింది. తిన్నాం. పీచ్ పళ్ళ హల్వా లాంటిదొకటి చేశాను, ట్రూడీ ఇంకో గరిటె వేసుకుంది. వాళ్ళమ్మ గురించి మాట్లాడుకున్నాం. నవ్వుకున్నాం కూడా. నేను ఒకరితో కూర్చుని, వేడి వేడిగా, మధ్యలో లేవకుండా అన్నం తిని ఎన్నాళ్ళయిందో.

బయటికి వచ్చేసరికి ట్యాంకు కుళాయి కట్టేసి ఉంది. ప్లాస్టిక్ ముక్కులన్నీ పీకి, కడిగి, బకెట్లో వేసి ఉన్నాయి. గొట్టం చుట్ట చుట్టి ఉంది. చెట్టు మొదలు చుట్టూ, ప్రతి రంధ్రం మీద, తడి తడిగా పసుపు రంగు. మా ఆయన రంగు డబ్బా పక్కన పెట్టుకుని, బల్ల మీద కూర్చుని, ప్రశాంతంగా సాసేజీ తింటున్నాడు.

నేను అరిచాను. ఏం అరిచానో అన్నీ రాయను. నీకోసమే కదయ్యా ఇదంతా అన్నాను. నిన్ను పంపించెయ్యమంటున్నారు, ఈ చెట్టు పోతే నేనేం చెయ్యను అన్నాను. ఆయన ఎదుట ఎన్నడూ అనకూడదనుకున్న మాట అది. ఆయన పళ్ళెం పక్కన పెట్టాడు. నేనెందుకు ఏడుస్తున్నానో ఆయనకి అర్థం కాలేదు, ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. తప్పు తనదనుకోలేదు.

"తెరిచి వదిలేసి పోయారే," అన్నాడు ట్రూడీతో, మెల్లగా, పనివాడికి చెప్పినట్టు. "ఏప్రిల్ కదమ్మా."

అది ఏ నెలో ఆయనకి తెలిసి ఏడాది దాటింది. డాక్టరమ్మ అడిగిన ప్రతిసారీ కిటికీ వైపు చూసి నవ్వేవాడు. ఓక్‌కి గాయమైతే అది ఏప్రిల్ అని మాత్రం తెలుసన్నమాట.

ట్రూడీ నేల మీద చతికిలబడింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, నవ్వుతోంది. రెండూనేమో. "నాకు నేర్పింది నువ్వే కదా మావయ్యా," అంది. "నీదేం తప్పులేదు. మేమే తెరిచి వదిలేసి పోయాం."

కానీ చెట్టు తాగింది సగం కంటే తక్కువ. ఆ మందుతో చాలదు. పక్కన కొత్త రంధ్రాలు చేసి మిగతాది ఎక్కించాలి, లేదా వదిలేసి దేవుడి మీద భారం వెయ్యాలి. ట్రూడీ డ్రిల్లు చేతిలోకి తీసుకోగానే మా ఆయన వచ్చి చెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు. ఈ చెట్టుకి ఎవరూ కన్నం పెట్టడానికి వీల్లేదన్నాడు. గొంతులో కోపం లేదు. ఇంటిపెద్ద గొంతు అది, చాలా కాలం తర్వాత విన్నాను.

నా అరుపులకి యూసేబియో కంచె దాటి వచ్చాడు. సంగతి విని, నన్ను పక్కకి పిలిచి, ఆయన్ని బండిలో ఊళ్ళోకి తీసుకెళ్ళి ఐస్‌క్రీం తినిపించి తెస్తానన్నాడు, ఈలోపు మీ పని కానివ్వండన్నాడు. మంచి ఉపాయమే. నేను బండి తాళాలు కూడా అందుకున్నాను. కానీ మా ఆయన ఆ చెట్టుకి వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి పెట్టి బెరడు పట్టుకుని ఉన్నాడు. ఆయన్ని ఐస్‌క్రీం పేరు చెప్పి అక్కడి నుంచి తీసుకుపోతే, రేపు ఇంకేదో పేరు చెప్పి ఆ పట్నం ఇంటికి కూడా తీసుకుపోగలను. నాకు చేతులు రాలేదు. తాళాలు మళ్ళీ మేకుకి తగిలించాను.

నేనే వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. అబద్ధం చెప్పకుండా చెప్పడం ఎలాగో అప్పటికప్పుడు వెతుక్కున్నాను.

"ఏమయ్యా, చెట్టుకి జబ్బు చేసింది. మందు లోపలికి పోవాలంటే కొంచెంసేపు తెరిచి ఉంచాలి. అది తాగడం అయ్యాక నువ్వే మూసెయ్యి. నువ్వు తప్ప ఇంకెవరూ మూయరు."

"నేనే మూస్తానా?"

"నువ్వే. ఇదిగో డబ్బా, పట్టుకో."

డబ్బా ఊపి చూశాడు. లోపలి గోళీ టకటకమంది. ఉంది అన్నట్టు తల ఊపి పక్కకి జరిగాడు.

ట్రూడీ కొత్తగా రంధ్రాలు చేసి ముక్కులు బిగించింది. పంపు కొట్టింది. మందు మళ్ళీ దిగడం మొదలైంది. మా ఆయన బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికే సంగతంతా మరిచిపోయి, చెట్టు మొదట్లో కన్నాలు చూసి, ఉలిక్కిపడి లేచాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మళ్ళీ చెప్పాను, జబ్బు, మందు, అయ్యాక నువ్వే మూస్తావు. సరేనన్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ లేచాడు. ఇక నేను ఆ చెయ్యి వదలడం మానేశాను. ఆయన ఎడమచేతిలో డబ్బా, కుడిచెయ్యి నా చేతిలో.

ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఆయన లేవబోవడం, నేను చెప్పడం, ఆయన అప్పుడే విన్నట్టు చెట్టు మీద జాలిపడటం. ఒకసారి, పాపం నొప్పి పెడుతోందేమో అన్నాడు. ఇంకోసారి, డాక్టరు మంచివాడేనా అని అడిగాడు. నీ మేనకోడలే, మంచిదే గానీ నోరెక్కువ అన్నాను. ట్యాంకు దగ్గర్నుంచి ట్రూడీ నీ పోలికే అత్తా అంది. ఆయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో తెలియదు, కానీ సరైన చోటే నవ్వాడు.

నాకు ఓపిక లేదని చెప్పాను కదా. ఆ రోజు అదే మాట అన్నిసార్లు చెప్పినా విసుగు రాలేదు. ఆయన చెయ్యి పెచ్చులు పెచ్చులుగా, వెచ్చగా ఉంది. పెళ్ళికి ముందు డాన్సు హాల్లో పోల్కా ఆడేటప్పుడు ఇంతసేపు పట్టుకున్నాం ఆ చేతులు. తర్వాత ఎప్పుడూ పని, వంట, మేకలు, అలకలు. చెయ్యి పట్టుకోవడానికి ఒక కారణం ఉండాలని ఎందుకనుకున్నామో. ఇంత మతిమరుపు, ఇంత చీడ వస్తే గానీ నేను మా ఆయన పక్కన తీరిగ్గా కూర్చోలేదు.

పొద్దు వాగు మీదికి వాలేసరికి ట్యాంకు ఖాళీ అయింది. ట్రూడీ ముక్కులు ఒక్కొక్కటే పీకింది. ఈ రంధ్రాలకి నిజానికి రంగు అక్కర్లేదు, వాటంతట అవే పూడుకుంటాయని పనిలో వాళ్ళందరికీ తెలుసు. ఆ మాట అది పైకి అనలేదు. పక్కకి జరిగి, కానివ్వు మావయ్యా అంది. మా ఆయన మోకాళ్ళ మీద వంగి, ఒక్కోదాని మీదా కొంచెం కొంచెంగా, కారకుండా, రంగు కొట్టాడు. అయ్యాక చుట్టూ తిరిగి ఏదైనా మిగిలిపోయిందేమోనని చూసుకున్నాడు. తర్వాత మట్టి తోశాం.

ఆపై నేను చేసిందంతా ఆకులు ఏరడమే. రోజూ రాలినవి తెచ్చి వంటింటి కిటికీకి ఆనించి ఈనెలు చూసేదాన్ని. వేసవి మధ్యలో కంచె వైపు కొమ్మల్లో మచ్చ కనిపించింది. ఆ వైపు కొన్ని కొమ్మలు ఎండిపోయాయి. యూసేబియో దీపాల చెట్టు అప్పటికే పోయింది. ఆయన దాన్ని కొట్టించి, మొద్దులు కదిలిస్తే తెగులు పాకుతుందని అక్కడే కాల్చేశాడు. ఆ పొగ మా పెరట్లోకి వచ్చినప్పుడు నేను కిటికీలు మూయలేదు. చలికాలంలో ట్రూడీ వచ్చి ఎండు కొమ్మలు దించింది. వచ్చే వసంతం దాకా ఏమీ చెప్పలేనంది. మా ఓక్‌లు పాత ఆకు రాల్చేదే వసంతంలో కాబట్టి, మార్చి నెలలో చెట్టు మామూలుగా రాలుస్తోందో, చచ్చిపోతూ రాలుస్తోందో తెలియక నా ప్రాణం నా దగ్గర లేదు.

ఏప్రిల్‌లో చిగురు వేసింది. కంచె వైపు బోసిగా, తల కాస్త పలచగా, కానీ మోచేతి కొమ్మ మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా లేతగా, మెరుస్తూ. కోసి చూశాను. ఈనెలు శుభ్రంగా ఉన్నాయి. ఇంకో రెండేళ్ళకి మళ్ళీ మందు పెట్టాలని ట్రూడీ ఫోనులో చెప్పింది, ఆ గొంతులో నవ్వు దాచుకోలేకపోయింది.

ఆ నెలలోనే ఒక సాయంత్రం మా ఆయన వాగు వైపు వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. నేను వరండాలో నిలబడి ఉన్నాను. చివరికి దూరంగా కనిపించాడు. వెనకాల బాగా ఎడంగా యూసేబియో నడుస్తున్నాడు, కనిపించకుండా నడుస్తున్నాననుకుంటూ. మా ఆయన గేటు దగ్గర ఆగాడు. ఇంటిని చూశాడు. నన్ను చూశాడు. ఏమీ గుర్తు రాలేదని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ నేను భయపడిన రోజు అదేనని అనుకున్నాను.

అప్పుడు చెట్టు వైపు తిరిగాడు. నేలకానిన కొమ్మ దగ్గరికి వెళ్ళి, కూర్చోబోయి, ఆగి, కిందికి వంగాడు. వానలకి మట్టి కొంచెం జారి, మొదలు చుట్టూ పసుపు చుక్కలు బయటపడి ఉన్నాయి. వేలితో ఒకటి తడిమాడు. తర్వాత దాని పక్కది. చుట్టూ తిరిగి అన్నీ చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నా వైపు వచ్చాడు.

"ఈ చెట్టు మీదేనా అమ్మా?" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఏమే, ఒసే అని పిలిచిన మనిషి.

"మాదేనండీ," అన్నాను.

"ఎవరో బాగా చూసుకున్నారు. ఒక్క గాయం కూడా తెరిచి వదల్లేదు." మళ్ళీ ఒకసారి వెనక్కి చూశాడు. "ఇలాంటి వాళ్ళ ఇంట్లో అయితే ఉండొచ్చు. నేను కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా?"

కూర్చోండి అన్నాను. కంచె దగ్గర యూసేబియో అటు తిరిగి మేకల్ని అదిలిస్తున్నట్టు నటిస్తున్నాడు, అక్కడ మేకలు లేవు. నేను మెట్లు దిగి వెళ్ళి బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. పరాయి ఆడమనిషి పక్కన కూర్చున్నట్టు ఆయన కొంచెం సర్దుకుని చోటిచ్చాడు. నేను చెయ్యి చాచాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎక్కడా దెబ్బ లేదని చూసుకుని, తన చేతిలోనే ఉంచుకున్నాడు.